ఎడమ కాలి అచ్చు

ఆ సందు చివర మూతపడ్డ బూట్ల కొట్టు ముందు చీకటి పడ్డాక ఎవరూ నిలబడేవారు కాదట. కొట్టు పెద్దాయన పోయి ఏడాదయింది. అయినా రాత్రయితే లోపల సుత్తి మోగుతోందని ఊరంతా కోడై కూసేది.

పెద్దాయన తమ్ముడిదీ అదే పని, వేరే వీధిలో. ఒకప్పుడు అన్నదమ్ములిద్దరూ ఆ కొట్లోనే పక్కపక్కన కూర్చుని బూట్లు కుట్టినవాళ్లే. ఎప్పుడో ఓ మాట తూలి విడిపోయారు. ఏడేళ్లు పలకరింపుల్లేవు. అన్న పోయిన రోజున కూడా తమ్ముడు సందు మొగదాకా వచ్చి, అడుగు ముందుకు పడక వెనుదిరిగాడు.

ఏడాది తర్వాత ఓ రాత్రి వానకి పెద్ద వీధి మునిగింది. తమ్ముడు ఆ సందులోంచే నడవాల్సి వచ్చింది.

టక్... టక్... ఠంగ్—

కాళ్లు ఆగిపోయాయి. రెండు తేలిక దెబ్బలు, ఒక బరువు దెబ్బ. అలా కొట్టేది ఒక్క అన్నే.

పారిపోదామనుకున్నాడు. ఇప్పుడు పారిపోతే ఇంకెప్పటికీ రాలేనేమో అని కూడా అనిపించింది. తలుపు నెట్టాడు.

చిన్న దీపం. తోలు వాసన, మైనం వాసన. దీపం ముందు, ఒళ్లో బూటుతో... వదిన.

"నువ్వా మరిదీ," అంది మెల్లగా, సుత్తి పక్కన పెట్టి. "పగలు చేస్తే ఆడదానికి ఈ పనేంటని నలుగురూ నవ్వుతారు. మీ అన్న సగంలో వదిలేసిన జత. ఇప్పుడే చివరి మేకు కొట్టా. నీ కొలతే."

అతను హమ్మయ్య అనుకుని అక్కడే కూలబడ్డాడు. కళ్లు మాత్రం మండాయి.

"అది ఏడేళ్లనాటి కాలు వదినా. రెండు నెలల కిందట నిచ్చెన మీంచి పడ్డాను. ఎడమ పాదం ఎముక విరిగి, పక్కన బొడిపె కట్టింది. ఏ బూటూ పట్టడం లేదు."

"ఒకసారి తొడిగి చూడు."

ఎడమ బూట్లోంచి పాదం ఆకారంలో ఉన్న చెక్క అచ్చు లాగి పక్కన పెట్టిందామె. అతను తొడిగాడు. పాదం మెత్తగా దిగింది. నొప్పి లేదు. బొడిపె దగ్గర, సరిగ్గా దానికి కావలసినంత చోటు...

అచ్చుని దీపం వైపు తిప్పాడు. అదే చోట, చెక్క మీద చిన్న తోలుముక్క అంటించి ఉంది. అచ్చు అక్కడ బొడిపెలా ఉబ్బెత్తుగా ఉండేలా.

"ఇది... నువ్వు అంటించావా?"

"లేదే. అచ్చులు దిద్దేది ఆయనేగా. నాకు చేతకాదు."

అతను తోలుముక్క అంచు తడిమాడు.

జిగురు ఇంకా ఆరలేదు.