ఒంటరివాళ్ళకు మాత్రమే

లీచింగ్ కోడిగుడ్డు అట్లూ సోయా పాలూ పట్టుకుని వీధిలోంచి వచ్చేసరికి, అత్తగారు ముందు గదిలో పూర్వీకుల పీఠం దగ్గర అగరొత్తులు గుచ్చి, ఎడమచేత్తో తల గోక్కుంటూ నిలబడి ఉంది. డిసెంబరు గాలికి షట్టరు గడగడలాడుతోంది. మేడ మీద కూతురు యిజెన్ గది తలుపు మూసే ఉంది.

"పిల్ల లేచిందా?" అంది ముసలావిడ.

"అది పడుకుంటేగా లేవడానికి!"

"తలంతా ఒకటే దురదే. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవట్లేదు. ఒక్కసారి యిజెన్‌ని పిలిస్తే..."

"మెల్లిగా అత్తయ్యా, వింటుంది." లీచింగ్ గొంతు తగ్గించింది. "జనవరి మొదటివారంలో దరఖాస్తు పంపేదాకా దాన్ని ఏమీ అడక్కండి, పిలవకండి. ఆదివారం నేను పోస్తానన్నాను కదా తలకి."

"పోయినవారం వచ్చింది కూడా ఆదివారమేలే," అని ముసలావిడ సోయా పాల గ్లాసు అందుకుంది.

సందు చివర తలంటిపోసే దుకాణం ఉన్నంతకాలం ఈ గొడవ లేదు. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, పొడి జుట్టు మీదే షాంపూ పోసి, చుక్క కిందపడకుండా నురగ తీసి తలంతా పిసికేది ఆ షాపావిడ. ఎండాకాలంలో ఆవిడ దుకాణం ఎత్తేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ అత్తగారి తల ఎవరికీ పట్టనిదైపోయింది. లీచింగ్‌కి వారానికి ఆరు రోజులు పళ్ళ డాక్టరు క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర ఉద్యోగం. భర్త వియత్నాంలో ఫ్యాక్టరీ చూసుకుంటూ కొత్త సంవత్సరం పండక్కే ఇంటికి వస్తాడు. ఇక మిగిలింది ముగ్గురు ఆడవాళ్ళు. వాళ్ళలో ఇద్దరి బతుకు మూడోదాని దరఖాస్తు చుట్టూనే తిరుగుతోంది.

తోటిపిల్లలంతా ఇక్కడి ప్రవేశ పరీక్షకి చదువుకుంటుంటే యిజెన్ కెనడా మీదే ఆశ పెట్టుకుంది. స్కాలర్‌షిప్ వస్తేనే ప్రయాణం, లేకపోతే లేదు. దరఖాస్తులు చూసిపెట్టే ఛ్యూ మేడమ్ మార్కులు చూసి మెచ్చుకుంది, వ్యాసం చూసి పెదవి విరిచింది. "అన్నీ ఉన్నాయి, మనిషి కనబడట్లేదు. చదివినవాళ్ళ కళ్ళు చెమర్చాలి," అంది. ఆవిడే యిజెన్‌ని శనివారాలు వార్డు సామాజిక భవనంలో వృద్ధుల సేవకి కుదిర్చింది. సేవకి ఫోటోలు కూడా ఉండాలంది.

యిజెన్ గబగబా దిగి బూట్లు వేసుకుంటోంది. కళ్ళ కింద నల్లగా ఉంది. "అమ్మా, ఇవాళ ఫోటోలకి వస్తానన్నావు, మర్చిపోకు. నా మొహం పడాలి. పోయినసారి అన్నీ నా వీపు ఫోటోలే."

"ఎక్కడికే పొద్దున్నే?" అంది నానమ్మ.

"సేవకి నానమ్మా. ముసలివాళ్ళకి తలంటుతాం."

"తలంటుతావా? నువ్వా?" ముసలావిడ మొహం వెలిగింది. "మెడ మీదికి నురగ కారనివ్వట్లేదు కదా? గుర్తుందా, నువ్వు ఇంతున్నప్పుడు షాపు ఆటలో నన్ను ఎర్ర స్టూలు మీద కూర్చోబెట్టి, క్యాలెండరు చింపి నంబర్లిచ్చి, నేనొక్కదాన్నే ఉన్నా నా నంబరు వచ్చేదాకా..."

"బస్సు వెళ్ళిపోతుంది నానమ్మా!"

తలుపు పడింది. ముసలావిడ ఆ తలుపువైపే చూస్తూ, "అక్కడికి ఎవరైనా వెళ్ళొచ్చా?" అంది.

లీచింగ్ నవ్వింది. "దిక్కులేని ముసలివాళ్ళకట అత్తయ్యా. మీకేం, ఇంటినిండా మనుషులం."

*

మధ్యాహ్నం క్లినిక్ నుంచి లీచింగ్ తిన్నగా సామాజిక భవనానికి వెళ్ళింది. గుమ్మం దగ్గర అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుంది: ఒంటరిగా ఉండే వృద్ధులకు మాత్రమే. లోపల షాంపూ వాసన, వేడినీళ్ళ ఆవిరి, ప్లాస్టిక్ కుర్చీల వరస. రెండుమూడు స్కూళ్ళ పిల్లలు ఆకుపచ్చ చొక్కాలు వేసుకుని పని చేస్తున్నారు.

స్తంభం పక్కన నిలబడి ఫోన్ ఎత్తింది. యిజెన్ ఒక తాతగారి తల తుడుస్తోంది. బాగా వచ్చింది. ఇంకోటి తీసింది. మొత్తం వరస కూడా పడితే బాగుంటుందని ఫోన్ పక్కకి తిప్పింది. తెర మీద రేగుపండు రంగు దూది కోటు కనిపించింది. అచ్చం అత్తయ్య కోటులా ఉందే అనుకుంది. తర్వాత ఆ కోటు పైన అత్తయ్య మొహం కనిపించింది.

ముసలావిడ ఇంటి తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుని, చేతిలో నంబరు చీటీతో బుద్ధిగా కూర్చుంది. పేర్లు రాసుకునే సూ గారు వంగి అడుగుతోంది. "ఇంట్లో ఎవరూ లేరా పెద్దమ్మా?"

"ఎవరూ లేరమ్మా."

"పిల్లలు?"

"కొడుకు పరదేశంలో. మిగిలినవాళ్ళకి తీరిక లేదు. అంటే లేనట్టే కదా?"

చుట్టూ ఉన్న ముసలివాళ్ళు నవ్వారు. "మా ఇంట్లోనూ అంతేలే అక్కా," అన్నాడొక తాత.

లీచింగ్ నాలుగడుగులు వేసి ఆవిణ్ని లేవదీసుకుని వెళ్ళొచ్చు. ఈవిడ మా అత్తగారండీ, మతిమరుపు మనిషి అని నవ్వేయొచ్చు. కానీ కాళ్ళు ఆమెను ఇంకాస్త స్తంభం వెనక్కి తీసుకెళ్ళాయి.

"రండి బామ్మగారూ, ఇలా కూర్చోండి." యిజెన్ తల ఎత్తకుండానే తువ్వాలు అందుకుని భుజాల చుట్టూ కప్పింది. "నీళ్ళు గోరువెచ్చగా ఉంటే చాలా?" ఇంట్లో ఆ మెత్తని గొంతు విని ఎన్ని నెలలైందో. ముసలావిడ కళ్ళు మూసుకుంది. యిజెన్ వేళ్ళు నుదుటి నుంచి నడినెత్తికి, నడినెత్తి నుంచి మాడు వెనక్కి నురగ తీసుకుంటూ వెళ్ళాయి. అక్కడున్న పాత దెబ్బ గుంట దగ్గర ఆగిపోయాయి.

"నానమ్మా?"

"ఊఁ. ఆపకే. దురద అక్కడే."

"ఏంటిది? ఇక్కడికెందుకొచ్చావు?" యిజెన్ పళ్ళు బిగించి అడిగింది. "ఇది ఎవరూ లేనివాళ్ళకి! అందరూ చూస్తున్నారు. నా సర్టిఫికెట్ ఇవ్వకపోతే? వెళ్ళు నానమ్మా, ఇంటికెళ్ళు."

సూ గారు ఇటు తిరిగింది. "ఏమిటీ, మీ నానమ్మా? ఒంటరిదాన్నని చెప్పిందే!"

 ముసలావిడ లేచి, నురగ తల చుట్టూ తువ్వాలు చుట్టుకుంది. "తప్పయిపోయిందమ్మా. ఇంకొకళ్ళ వంతు తీసేసుకున్నాను," అని సూ గారికి చెప్పింది. మనవరాలి వైపు చూడలేదు. తడితలతో ఆ చలిగాలిలోకి వెళ్ళిపోయింది.

*

లీచింగ్ వెనకాలే పరిగెత్తి బస్‌స్టాప్‌లో కలుసుకుంది. ఇల్లు చేరగానే ముసలావిడ గదిలో మంచం మీద కూర్చుండిపోయింది. నురగ జుట్టుకి అట్టకట్టింది. కడుగుతానంటే "వద్దులే, నీకు పని" అంది. నల్లబెల్లం వేసి కాచిన అల్లం కషాయం చల్లారిపోయింది. దగ్గు మొదలైంది.

సాయంత్రం యిజెన్ వచ్చేసరికి లీచింగ్ గుమ్మంలోనే పట్టుకుంది. "నలుగురిలో ముసలావిణ్ని అలా తరిమేస్తావా? ఊళ్ళోవాళ్ళ తలలు కడగడానికి చేతులున్నాయి, ఇంట్లో ఆవిడ తల కడగడానికి లేవా?"

"నన్నెవరు కడగమన్నారు?"

"ఏంటి?"

"పిలవకండి, అడక్కండి, మేడెక్కకండి అన్నది ఎవరు? నేనా?" అంది యిజెన్. "నేను సిగ్గులేని పనే చేశాను. మరి నువ్వెక్కడున్నావమ్మా అప్పుడు? స్తంభం వెనకాల. ఫోన్ పట్టుకుని. నేను చూశాను."

 ఈలోపు యిజెన్ ఫోన్ మోగింది. ఛ్యూ మేడమ్. స్పీకర్‌లో ఆవిడ గొంతు ముందు గదంతా నిండిపోయింది.

"సూ గారు అంతా చెప్పింది. ఏడుస్తున్నావా? ఏడవకు పిచ్చిపిల్లా, మనం ఇన్నాళ్ళూ వెతుకుతున్నది ఇదే! అనాథల వరసలో సొంత నానమ్మ! మొదటి వాక్యంలోనే పెట్టెయ్. ఇది చదివి స్కాలర్‌షిప్ ఇవ్వనివాళ్ళుంటారా?"

"నేను వెళ్ళిపొమ్మన్నాను మేడమ్."

"అది తీసేద్దాం. అక్కడే కావిలించుకుని ఏడ్చినట్టు రాయి. రేపటికల్లా పంపు."

ఆ మాటలు వినగానే లీచింగ్ గుండె ముందు తేలికపడింది. ఆ తర్వాతే సిగ్గేసింది. అయినా నోరు ఊరుకోలేదు. "జరిగిందేగా తల్లీ... ఆ చివరొక్కటే కదా మార్చేది..."

యిజెన్ తల్లిని ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

గదిలోంచి దగ్గు వినిపించింది. దగ్గు వెనకాలే ముసలావిడ మాట. "రాసుకోనీవే దాన్ని. నా తల దేనికో ఒకదానికి పనికొచ్చింది."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తన కథ మనవరాలికి ఇస్తోంది ఆవిడ. యిజెన్ అక్కడే గోడకి జారగిలబడి, మోకాళ్ళలో మొహం దాచుకుని, చిన్నపిల్లలా బావురుమంది. లీచింగ్ దగ్గరికి వెళ్ళబోయి ఆగిపోయింది. 

కాసేపటికి యిజెన్ లేచింది. మేడమ్ ఇంకా లైన్‌లో ఉండగానే ఫోన్ కట్టేసింది. "రాయను," అంది, ఎవరితోనూ కాదు. ఆ ఒక్క మాటతో కెనడా ఎంత దూరం జరిగిపోయిందో లీచింగ్‌కి తెలుసు. మేడమ్ మెచ్చిన వ్యాసం ఇంకోటి లేదు. ఇక్కడి పరీక్షకి ఆ పిల్ల చదివిందీ లేదు. నోటిదాకా వచ్చిన మాటను ఈసారి మింగేసింది.

యిజెన్ పెరట్లోకి వెళ్ళి, బట్టలు ఉతికే మెషిన్ వెనక నుంచి ఎర్ర ప్లాస్టిక్ స్టూలు లాగింది. దాని కాలొకటి బీటవారి ఉంది. కడిగి, స్నానాలగదిలో హీటరు పక్కన వేసి, నానమ్మ గది గుమ్మంలో నిలబడింది. 

ముసలావిడ మనవరాలి కాళ్ళవైపు చూసింది. తర్వాత కోటు జేబులోంచి నలిగిపోయిన చీటీ తీసింది. సామాజిక భవనంలో ఇచ్చిందే, తడికి అంకె అలుక్కుపోయింది.

"నా నంబరు వచ్చిందా?"

"వచ్చింది నానమ్మా," అంది యిజెన్, ఏడుస్తూనే. "ఎప్పుడో వచ్చింది. నేనే పిలవలేదు."

ముసలావిడ మనవరాలి భుజం పట్టుకుని లేచి, మెల్లిగా వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. క్షమించానని అనలేదు. కళ్ళు మాత్రం మూసుకుంది. యిజెన్ అట్టకట్టిన జుట్టును పాయపాయగా తడిపి విడదీయసాగింది. ఒక్క చుక్క మెడ మీదికి కారలేదు.

స్నానాలగది గుమ్మంలో నిలబడ్డ లీచింగ్ చెయ్యి అలవాటుకొద్దీ ఫోన్ ఎత్తింది. తెర మీద ఇద్దరూ చక్కగా పడ్డారు. యిజెన్ మొహం స్పష్టంగా కనిపిస్తోంది. ఆమె ఫోన్ దించి, పక్కనున్న బల్ల మీద బోర్లా పెట్టి, చొక్కా చేతులు పైకి మడుచుకుంది.

"నీళ్ళు నేను పోస్తాను," అంది. "మగ్గు ఇటివ్వు."