చెలమకు చిక్కిన ద్రాక్ష

2078 నాటికి గుర్రాలదిన్నెలో పొద్దున్నే ఎదురుపడినవాళ్లు ‘బాగున్నావా’ అనడం మానేశారు. ‘పచ్చేనా?’ అంటారు. ‘పచ్చే’ అని జవాబు. తమ ఇంటి మరుగుదొడ్డిలో చెలమ పచ్చదీపం చూపించిందని అర్థం.

చెలమ డాక్టర్ మురహరి కనిపెట్టిన యంత్రం, అరచెయ్యంత పలక. తెగులు రాకుండా తోటలకు కొట్టే శిలీంద్రనాశకం ఒంట్లోకి వెళితే కాలేయం దాన్ని ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో బయటపడతాయి. అవే బయోమార్కర్లు, మురహరి వాటిని జీవసూచికలన్నాడు. చెలమ వాటిని పట్టుకుని, ఏ మందో, ఎంతో చెప్పేస్తుంది.

దాన్ని నమ్ముకుని మురహరి ఒక నియమం రాశాడు. పండును కడిగి పరీక్షకు తేవచ్చు, మంచి గుత్తులు ఏరి తేవచ్చు. ఒంటిని కడిగి తేలేరు. మందు కొట్టేవి డ్రోన్లు కాబట్టి, రైతు ఒంట్లోకి అది వెళ్లేది తిండితోనే. పంటకాలమంతా పండించినవాళ్ల చెలమలు పచ్చగా ఉంటే, ఆ పండు ఇంకే పరీక్షా లేకుండా బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి వెళ్లవచ్చు.

గుర్రాలదిన్నెలో ఒక్క దీపమూ ఎర్రబడలేదు. అనుమతిపత్రం మీద సంతకం పెట్టడానికి మురహరి స్వయంగా వచ్చి, రైతుసంఘం అధ్యక్షురాలు లింగమ్మ ఇంట్లో దిగాడు. దారిలో ప్యాకింగ్ షెడ్డు కనిపిస్తే ఆగి, బడికి వెళ్లే పెట్టెలోంచి రెండు ద్రాక్షగుత్తులు తీసుకుని కడగకుండానే తిన్నాడు. తన చెలమ మీద అంత నమ్మకం. తియ్యగా ఉన్నాయి.

తెల్లారి లింగమ్మ ఇంటి మరుగుదొడ్డిలో చెలమ ఎర్రబడి, అతనితో మాట్లాడింది.

“రెండు శిలీంద్రనాశకాలు, డాక్టర్‌గారూ. రెండూ ద్రాక్షకు కొట్టేవే. పిల్లలకైతే ఇది ఎక్కువ.”

“నువ్వేమైనా పొరబడ్డావా?”

“మీరలా అంటారని మళ్లీ చూశాను. ఎరుపే.”

లింగమ్మ ఉగ్గాని వడ్డిస్తూ అతని మొహం చూసింది. “ఏం సామీ, పచ్చేనా?”

“ఎరుపమ్మా. నిన్న షెడ్డులో ద్రాక్ష తిన్నాను.”

“అయ్యో సామీ! పెట్టెల్లోవి తింటిరా? ఒక్క మాట అడగకూడదా! పెరట్లో ఇంటి ద్రాక్షపందిరి ఉండాది కదా. దానికి మందు కొట్టం. ఊర్లో అందరం తినేది అట్లా పందిట్లోవే. ఉండండి, మజ్జిగ తెస్తా.”

ఆమె కంగారులో నటన లేదు. అంటూనే మజ్జిగ చెంబు తెచ్చింది.

“మరి పెట్టెల్లోవి పిల్లలు తింటారు కదమ్మా.”

చెంబు ఆమె చేతిలోనే ఉండిపోయింది. “మీరు మా ఇంట్లో కూర్చోనుండారు సామీ. వాళ్లు కంటికి కనపడరు” అంది. అన్నాక, ఆ మాట ఇంకెవరో అన్నట్టు తలెత్తి చూసింది.

మురహరికి కోపం రాలేదు. యంత్రం నిజమే చెప్పింది, తప్పు నియమానిది. మనిషి తాను తినేదే ఎదుటివాడికి పెడతాడని తానెందుకు అనుకున్నట్టు? పోయిన భార్య కౌసల్య గుర్తొచ్చింది. వాకిట్లోకి వచ్చిన బిచ్చగాడికైనా తను రుచి చూడని ముద్ద పెట్టేది కాదు. అన్నేళ్లు ఆ చేతి అన్నం తిని, లోకమంతా అంతేననుకుని సూత్రం రాసేశాడు. సిగ్గుపడాల్సిన పొరపాటే. కానీ అలాంటి మనిషితో బతికానన్న గర్వమే ముందు వచ్చింది.

“నేను సంతకం పెట్టలేనమ్మా.”

“పెట్టొద్దండి.”

లింగమ్మ కొడవలి తీసుకుని పెరట్లోకి నడిచింది. మురహరి వెనకే వెళ్లాడు.

“ఏం చేస్తున్నారమ్మా?”

“పందిరి కొట్టేస్తుండా సామీ. వచ్చే కోతకు నా మనవరాలు కూడా పెట్టెల్లోవే తింటాది. అప్పుడు రాండి.”

మొదటి వేటుకు తీగలన్నీ ఊగాయి. పక్కింటి ఓబులమ్మ గోడ మీదుగా తొంగిచూసింది. “ఏమక్కా, పిచ్చి పట్టిందా? కాపు మీదుందే!”

“అందుకే. నువ్వూ కొడవలి తెచ్చుకో.”