ఉపవాసం తప్పిన నాచు

కడుగుడు తొట్టి మూత ఎత్తగానే జిగురుకి ముందు బూటు కనబడింది. తరువాత కాలు. ఆ తరువాత చెవి నుంచి చెవిదాకా కోసిన గొంతు. సూపర్‌వైజర్! నిన్నటిదాకా అందరి మీదా గొంతు చించుకున్న మనిషి. ఇవాళ ఆ పని ఇంకెవరో చేసిపెట్టారు.

జిగురు గూఢచారి. పట్టుకుంటే వదలడని ఆఫీసులో పెట్టిన పేరది. నాచు నుంచి నూనె తీసే ఈ ఫ్యాక్టరీలో మూడు వారాలుగా ట్యాంకులు తోమే కూలీ వేషం. చెవిలోని బటన్ కుయ్‌మంది.

"సార్, సూపర్‌వైజర్ని లేపేశారు."

"అయితే విదేశీ ముఠా పని పూర్తయింది," అన్నాడు చీఫ్. "జీన్స్ మార్చినంత తేలిగ్గా నాచు జీన్ మార్చారు. అదే రంగు, అదే వాసన. ఆ నూనె కలిసిన పాలపొడి తాగితే మాత్రం పసివాళ్ళ ఊపిరి ఆగిపోతుంది. ముప్పై రెండు ట్యాంకుల్లో ఒకదాంట్లో ఆ నాచు పోశారు. పన్నెండింటికి నూనె బయటికెళుతుంది. మన దళం ఒంటిగంటకి గానీ రాదు. ఏ ట్యాంకో అక్కడి ల్యాబులో మనం పెట్టిన డాక్టరమ్మకి తెలుసు. కదులు!"

జిగురు చెల్లెలి కూతురికి రెండు నెలలు. తాగేది ఈ పాలపొడే.

డాక్టరమ్మ తెల్లకోటులో ఎదురొచ్చింది. చూడగానే గుండె కొట్టుకునేంత అందం.

"ఎండ బాగుందా?"

"నీడ ఇంకా బాగుంది."

కోడ్ కలిసింది.

"ఇదే విషం," అంటూ పన్నెండో ట్యాంకు చూపించింది. "పసుపెక్కి కుళ్ళిపోయింది. మురుగులోకి వదిలెయ్. నేను ఆ చివర ఆకుపచ్చటిదాన్ని పంపిస్తా. ఎంత కళగా ఉందో చూడు!"

వాల్వు మీద జిగురు చెయ్యి ఆగింది. నాచుకి కడుపునిండా పెడితే పిల్లల్ని పెడుతుంది, నూనె పెద్దగా పెట్టదు. తిండి మాన్పిస్తేనే భయపడి ఒంట్లో నూనె దాచుకుంటుంది, పసుపెక్కుతుంది. మనం తిని లావెక్కుతాం, అది మాని లావెక్కుతుంది! నాలుగు రోజులుగా అన్ని ట్యాంకులకీ తిండి బంద్. ముప్పై ఒకటి పసుపెక్కాయి, ఒక్కటే ఆకుపచ్చగా మిగిలింది. ఉపవాసంలో కళకళలాడేవాడు చాటుగా మెక్కుతున్నట్టేగా! ముఠా పోసి మేపుతున్నది దాన్నే. నూనె సంగతి ట్యాంకులు తోమేవాడికి కూడా తెలుసు. డాక్టరమ్మకే తెలీదు.

"పండిన పంట పారబోసి పచ్చి విషం పంపుతావా తల్లీ?"

"కూలోడికి చదువెక్కువైంది!"

ఆమె లిప్‌స్టిక్ లోంచి సూది దూసుకొచ్చి అతని భుజంలో దిగింది. జిగురు పెన్‌గన్ తీసి నొక్కాడు. అది ఆమె కోటు మీద చక్కగా గీత గీసింది. ఆఫీసు సరుకు! తలతో ఆమె ముక్కు మీద గుద్దాడు. ఎముక పటుక్కుమంది. ఆమె గొలుసు తీసి వెనకనుంచి అతని మెడకి చుట్టింది. కళ్ళు బైర్లు కమ్ముతుండగా జిగురు ఆమెని వీపున మోసుకుంటూనే వెనక్కి పరిగెత్తి నాచు పారే గాజుగొట్టాలకేసి కొట్టాడు. మనిషంత గాజుపెంకు ఆమె వీపులో దిగి పొట్టలోంచి పొడుచుకొచ్చి అతని చొక్కా చింపి ఆగింది. చచ్చే ముందు ఆమె వేలు జేబులోని రిమోట్ నొక్కింది.

పచ్చటి ట్యాంకు మోటారు తిరిగింది. స్విచ్చు లేదు, పీకేశారు. గొట్టంలో నూనె గుడగుడమంటూ బయటి ట్యాంకరు లారీ వైపు పాకింది. రెండే సెకన్లు. జిగురు ఎడమచెయ్యి మోటారు చైనులోకి దూర్చాడు. వేళ్ళు ఒక్కొక్కటే విరిగాయి. మోటారు మూలిగి ఆగింది. గొట్టం మూతి దగ్గర ఒక చుక్క వేలాడి, అక్కడే నిలిచింది.

కుడిజేబులో ఫోను మోగింది. చెల్లెలు.

"అన్నయ్యా, పాప పాలకి ఏడుస్తోంది. ఈ కొత్త డబ్బా మూత ఎంతకీ రావట్లేదు. ఓసారి వచ్చి తీసిపెట్టవూ?"

"మీ ఆయన్ని తియ్యమనమ్మా," అన్నాడు జిగురు, చైను వైపు చూసుకుంటూ. "నా చెయ్యి ఖాళీగా లేదు."