దొంగ కాని నీరటి చెల్లెలు

తెల్లకొండ రాజ్యంలో ఊటనీళ్ళు రాయైపోయి అప్పటికి నలభై రోజులు. పొరుగు రాజ్యం నుంచి బళ్ళ మీద వచ్చే నీళ్ళే జనానికి దిక్కు. ఇదంతా ఒక హత్య వల్ల జరిగింది.

ఆ ఊట రోజుకొక గంగాళం నీళ్ళిచ్చేది. ఎగువపేట, నడిమిపేట, దిగువపేటలకు తలా మూడో వంతు. పంచేవాడు బయ్యన్న అనే నీరటి. అక్కడ కొలతలన్నీ పదేసి లెక్కన ఉండేవి. గంగాళానికి పది కడవలు. పేటకు మూడు పోస్తే ఒకటి మిగిలేది. దాన్ని పది చెంబులు చేసి మూడేసి పోస్తే మళ్ళీ ఒకటి మిగిలేది. ఆ చెంబును పది గరిటెలు చేసినా అంతే. ఆ చివరి గరిటెడు నీళ్ళను బయ్యన్న మర్నాటి పంపకంలో కలిపేవాడు.

"మూడో వంతు వేరు, వీడు పోసే మూడు, మూడు, మూడు వేరు. మధ్యలో తేడా వీడే మింగుతున్నాడు," అని ఎవరో అన్నారు. మూడు పేటల వాళ్ళూ నమ్మారు. ఒక ఉదయం బయ్యన్నను ఊట దగ్గరే కొట్టి చంపారు. నెత్తురు నీళ్ళలో కలిసింది. ఊటలో ఉండే యక్షుడు నీళ్ళను రాయిగా మార్చి, "నిజంగా తేడా ఉందో లేదో తేల్చి చెప్పినవాళ్ళకే నీళ్ళు!" అని అరిచి మేఘశిఖరానికి వెళ్ళిపోయాడు.

జవాబు చెప్పడానికి వెళ్ళిన పొరుగు రాజ్యపు రాకుమారులిద్దరూ తిరిగి రాలేదు. అప్పుడు బయ్యన్న చెల్లెలు నాంచారి బయలుదేరింది. ఆమె నీళ్ళ కోసం వెళ్ళలేదు. అన్న దొంగ అన్న మాట చెవుల్లోంచి పోక వెళ్ళింది.

మూడు అడవులు దాటాక ఒక లోయ అడ్డొచ్చింది. గట్టు మీద గండభేరుండ పక్షి తన రెండు తలలతో పొడుచుకుంటోంది.

"పుచ్చకాయను సగం చేసుకున్నాం. ఆ కుడి తల తన సగాన్ని రెండు ముక్కలు చేసుకుంది. నాకు ఒకటి, దానికి రెండా?" అంది ఎడమ తల.

నాంచారి ఆ రెండు ముక్కలనూ కలిపి, ఎడమ తల సగం పక్కన పెట్టింది. అంచుకు అంచు సరిపోయింది. "ముక్కలు రెండైనా వాటా అంతే. ఈపాటి దానికి కళ్ళు పొడుచుకుంటారా?" అంది విసుగ్గా. పక్షి సిగ్గుపడి, ఆమెను వీపు మీద ఎక్కించుకుని శిఖరం మీద దింపింది.

యక్షుడి ముందు రాకుమారులిద్దరూ రాతిబొమ్మలై ఉన్నారు.

"వీళ్ళు 'కాస్త తేడా ఉంది' అన్నారు. నువ్వేమంటావు?" అన్నాడు యక్షుడు.

"ఎంత తేడానో మీరు చెప్పండి స్వామీ."

"ఆవగింజంత."

"ఇంకొన్నిసార్లు పంచితే అంతకన్నా తక్కువే మిగులుతుంది."

"ఆవగింజలో కోటో వంతు!"

"ఇంకా పంచుతాను. మీరెంత చిన్న కొలత చెప్పినా దాని కిందికి వెళ్తాను. పంచడం ఆపితేనే మిగులు. ఎన్నటికీ ఆపకపోతే, తేడా ఇదీ అని చూపడానికి ఏ కొలతా ఉండదు. అంటే తేడాయే లేదు. మూడో వంతన్నా, ఆగని మూడు, మూడు, మూడన్నా ఒకటే వాటా. పేర్లే రెండు. మా అన్న..." నాంచారి కళ్ళు తుడుచుకుంది. "మా అన్న ఏ రోజూ పంచడం ఆపలేదు స్వామీ. మిగిలింది మర్నాడు పంచేవాడు."

రాతిబొమ్మలు కళ్ళు తెరిచాయి. దూరాన తెల్లకొండలో నీళ్ళ చప్పుడు మొదలైంది.

"గెలిచావు కదమ్మా, ఏడుస్తావెందుకు?" అన్నాడు యక్షుడు.

"కాసిన్ని నీళ్ళ కోసం చంపారనుకున్నాను. అసలు లేనిదాని కోసం చంపారు."

ఆమె తిరిగొచ్చేసరికి ఊట పొంగుతోంది. పిల్లాజెల్లా నీళ్ళలో ఆడుతున్నారు. ఎగువపేట పెద్ద మల్లప్ప ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మా నాంచారీ, వెంట్రుకవాసి తేడా అయినా ఉందని చెప్పమ్మా. లేదంటే మేం చేసిన పనికి అర్థమేముంది? పిల్లలకు ఏం చెప్పుకోవాలి?"

"లేదు మామా," అంది నాంచారి. "వెంట్రుకవాసి కూడా లేదు."

మల్లప్ప అక్కడే కూలబడ్డాడు. ఆమె లేవదీయలేదు.

బిడ్డలు లేని రాజు ఆమెను దత్తత తీసుకుని పట్టం కట్టాడు. ఆమె ఊటకు మూడు సమానమైన కాలువలు తవ్వించింది. నలభై ఏళ్ళు ఏలింది. ఆ ఏలుబడిలో ఎవరి గొంతూ ఎండలేదు. అన్నను కొట్టినవాళ్ళ పిల్లలు పెళ్ళి చేసుకుని దీవెన కోసం వస్తే అక్షింతలు వేసింది. ఎవరినీ శిక్షించలేదు. క్షమించానని మాత్రం ఎవరితోనూ ఎన్నడూ అనలేదు.