మూయని డిస్కు

ఏది ముందు జరిగిందో, ఏది వెనక జరిగిందో ఇప్పుడు కొంచెం తారుమారు కావచ్చు. ఆ డీవీడీ రైటర్ కొన్నది బుధవారమా, గురువారమా అంటే తడుముకోవాల్సిందే. జరిగినవి మాత్రం జరిగినవే. ఇంకా గుర్తుండగానే రాసిపెట్టుకోవడం మంచిది.

ఆమెను వీధి వీధంతా టైపు టీచరు అంటారు. ఇన్‌స్టిట్యూట్ మూతపడి పదిహేనేళ్ళయినా ఆ పిలుపు పోలేదు. కంప్యూటరు కూడా తనంతట తనే నేర్చుకుంది. కీబోర్డు వైపు చూడకుండా టకటకా కొట్టేస్తుంది. అలాంటి మనిషికి ఒక పొద్దున పళ్ళు తోముకుంటుంటే కన్నకూతురి ముద్దుపేరు గుర్తురాలేదు. నోట్లో నురుగుతో అద్దం ముందు అలాగే నిలబడిపోయింది. ఎంత వెతుక్కున్నా రాలేదు. మధ్యాహ్నం గిన్నెలు కడుగుతుంటే దానంతట అదే వచ్చింది. గువ్వ.

ఆ సాయంత్రమే కంప్యూటర్ల రిపేరు షాపు మెట్లెక్కింది.

"డీవీడీ రైటర్ కావాలోయ్."

షాపతను ఒకప్పుడు ఆమె దగ్గర టైపు నేర్చుకుని రెండుసార్లు తప్పినవాడు. "ఈ రోజుల్లో డీవీడీలేంటి టీచరుగారూ! పెన్‌డ్రైవులో వేసి ఇస్తాను, జేబులో పడేసుకోండి."

"పెన్‌డ్రైవులో ఉన్నది ఎవరైనా చెరిపెయ్యొచ్చు. నాకు ఒకసారి రాస్తే ఇక మారకూడదు. కాయితం మీద కొట్టిన అక్షరంలా ఉండాలి."

"నేను కొట్టిన అక్షరాలేవీ మీరు ఉండనిచ్చేవారు కాదుగా," అని నవ్వుతూ రెండు పెట్టెలు బల్లమీద పెట్టాడు. "ఇది బయట వైరుతో తగిలించేది. సుకుమారం. మీ పాత సిస్టంకి పవరు చాలక మధ్యలో ఆగిపోతుంది. ఇది లోపల బిగించేది. మోటుగా ఉంటుంది గానీ నమ్ముకోవచ్చు."

ఆమె మోటుదే తీసుకుంది. మర్నాడు అతనే వచ్చి బిగించి, ఒక డిస్కు పెట్టి చూపించాడు. "రాయడం అయ్యాక, డిస్కు మూసెయ్యాలా అని అడుగుతుంది. మూసెయ్యండి. మూయకపోతే మిగిలిన జాగాలో మళ్ళీ ఎక్కించొచ్చు."

"ఎవరెక్కిస్తారు?"

"మీరే. ఇంకెవరుంటారు ఇంట్లో?"

నిజమే, ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఎక్కించాల్సినవి ఏడు టేపులు. కూతురు చిన్నప్పుడు బావగారు తన కెమెరాతో తీసినవి. బావగారి భార్య, అంటే టీచరు తోడికోడలు, పిల్లలు లేని మనిషి. టీచరు పొద్దునొక బ్యాచీ, సాయంత్రమొక బ్యాచీ నడుపుకుంటుంటే పిల్ల ఆవిడ చంకలోనే పెరిగింది. గువ్వ అని పేరు పెట్టిందీ ఆవిడే. పిల్ల టీచరుని అమ్మా అనేది, ఆవిడని పెద్దమ్మా అనేది. పిలుపుల్లో పొరపాటేమీ లేదు. కానీ జ్వరమొస్తే పెద్దమ్మ ఒళ్ళో తప్ప పడుకునేది కాదు. "రావే, అమ్మ దగ్గరికి రా," అని టీచరు చేతులు చాపితే మొహం అటు తిప్పుకునేది. ఆ తిప్పుకోవడం టీచరు లోపల ముల్లులా విరిగి ఉండిపోయింది.

నాలుగేళ్ళ క్రితం పెద్దమ్మ మంచాన పడింది. ఒకరోజు టీచరు చెయ్యి పట్టుకుంది. "చెల్లీ, ఆ టేపులు ఒక్కసారి చూపించవే. దాని చిన్నప్పటి మొహం చూసుకుని పోతాను."

టేపులు టీచరు బీరువాలోనే, పొడిగుడ్డలో భద్రంగా ఉన్నాయి.

"బూజు పట్టి పాడైపోయాయక్కా," అంది టీచరు.

పెద్దమ్మ చెయ్యి వదిలేసి గోడ వైపు తిరిగింది. మూడోరోజుకి పోయింది. కూతురికీ టీచరు అదే మాట చెప్పింది. బూజు పట్టాయి.

ఇప్పుడు ఫొటో స్టూడియో అతను ఆ టేపులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి ఇస్తూ మెచ్చుకున్నాడు కూడా. "ఒక్క చుక్క బూజు లేదమ్మా, భలే దాచారు!"

ఆదివారం కూతురు భోజనానికి వస్తోంది. ఆలోగా డిస్కులు తయారు కావాలి. రేపు తన బుర్ర తనది కాకుండా పోయినా, ఈ పిల్లకి అమ్మ ఎవరో ఆ డిస్కులు చెప్పాలి. అందుకని టీచరు కూర్చుని కత్తిరించింది. పెద్దమ్మ ఒళ్ళో పిల్ల ఉన్న చోటు. పెద్దమ్మ జుట్టు దువ్వుతున్న చోటు. పెద్దమ్మ చెయ్యి మాత్రమే కనిపించే చోటు. మొత్తం ముప్ఫై ఒక్క ముక్కలు. ఒక్కో ముక్క తీసేస్తూ, "చూసుకుంటావా? చూసుకో," అని పళ్ళ మధ్య నుంచి అంది.

మొదటి టేపు డిస్కులోకి బాగానే ఎక్కింది. డిస్కు మూసెయ్యాలా అని కంప్యూటరు అడిగింది. సగం కాయితం ఖాళీగా ఉండగా టైపు మిషన్లోంచి లాగడం ఆమె చేతులకి ఏనాడూ అలవాటు లేదు. మిగిలిన జాగాలో రెండో టేపు పడుతుంది కదా అనుకుని, వద్దు అని నొక్కింది. డిస్కు తీసి వెనక్కి తిప్పి చూసింది. రాసినంత మేరా రంగు ముదిరి, లోపలి అంచున వేలెడు వెడల్పున వలయం. దాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది.

మర్నాడు రెండో టేపు దానికి కలపబోతే ముప్ఫై ఒకటో శాతం దగ్గర ఆగిపోయింది. దాన్ని మళ్ళీ సొరుగులో పడేసి కొత్త డిస్కు పెట్టింది. అదీ అక్కడే ఆగింది. ఇంకోటి. అదీ అక్కడే.

షాపతను వచ్చాడు. కేబులు మార్చాడు. వేగం తగ్గించాడు. లెన్సు తుడిచే డిస్కు తిప్పాడు. వేరే కంపెనీ ఖాళీ డిస్కులు తెచ్చాడు. చివరికి తన ఫోన్లోని పాటలు ఎక్కించి చూశాడు. మొదటిసారికే ఎక్కాయి.

"డ్రైవు లక్షణంగా ఉంది టీచరుగారూ. మీ టేపులకే ఏదో అడ్డం పడుతోంది." లేవబోతూ ముక్కు ఎగబీల్చాడు. "గదిలో ఈ బూజు కంపేంటి?"

అతను వెళ్ళాక ఆమె సొరుగు తీసింది. మొదటి డిస్కు కవరులోనే ఉంది. వెనక్కి తిప్పింది.

వలయం రెండు వేళ్ళ వెడల్పు అయింది.

తాళంచెవి ఆమె మెడలోనే ఉంది. తనే ఏదో చేసి మర్చిపోయిందా? ఈమధ్య అన్నీ మర్చిపోతోంది కదా. అలా అనుకుంటే కాసేపు ధైర్యంగా ఉంది. శనివారం మళ్ళీ తీసి చూసింది. అంచున దారప్పోగంత జాగా మిగిలింది. అంతే.

ఆదివారం పన్నెండింటికి ముసురు పట్టి గది చీకటిగా ఉంది. కూతురు వచ్చే వేళ. ఆ డిస్కులో ఏముందో పిల్ల రాకముందే తెలుసుకోవాలి. టీచరు డిస్కుని డ్రైవులోకి తోసింది.

డ్రైవు తిరిగింది. ఎవరో నిద్రలో గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు. తెరమీద వీడియోల వరస కనిపించింది. తను ఎక్కించింది ఒకటి. దాని కింద ముప్ఫై ఒకటి.

ఆమె ఏదీ నొక్కలేదు. మొదటిది దానంతట అదే మొదలైంది.

పెద్దమ్మ ఒళ్ళో పిల్ల. వెనక, గుమ్మంలో, టైపు కాయితాలు పట్టుకుని టీచరు. ఆమె బుగ్గ మీద తెల్లటి చుక్క... తెర మీద దుమ్మేమో అనుకుని వేలితో తుడిచింది. చుక్క పోలేదు. పాకింది.

రెండోది. చుక్క కంటిదాకా వచ్చింది. ఐదోది... పదోది... పెద్దమ్మ మొహం కడిగిన అద్దంలా ఉంది. తెరమీది టీచరుకి మాత్రం నోరు లేదు, ముక్కు లేదు. తెల్లటి నూగు. తడిసిన అట్టపెట్టె కంపు గొంతులోకి దిగింది.

డ్రైవు గరగరలోంచి సన్నటి గొంతు.

"చెల్లీ..."

ఆమె బటన్ నొక్కింది. ట్రే రాలేదు. మళ్ళీ నొక్కింది. రాలేదు.

"బూజు పట్టిందన్నావుగా..."

పిన్నీసు తీసి, ట్రే కింద సూదిబెజ్జంలో గుచ్చింది. ట్రే బయటికి వచ్చింది. డిస్కు కాలిపోతోంది. మోకాలికేసి ఫట్‌మని విరిచింది. రెండు ముక్కలు.

బొమ్మ ఆగలేదు.

ఖాళీ ట్రే నాలుకలా బయటికి వేలాడుతూనే ఉంది. తెరమీద పదిహేనోది... ఇరవయ్యోది...

"అక్కా, తప్పయిపోయింది. ఆపు..."

"మూయలేదుగా చెల్లీ," అంది గొంతు, నెమ్మదిగా, తీరిగ్గా. "ఇంకా జాగా ఉంది."

తెరమీద పెద్దమ్మ పిల్లని పిలుస్తోంది. పెదాలు కదులుతున్నాయి. ఆ పేరు టీచరుకి వినిపించడం లేదు. రెండక్షరాలు... ఒక పిట్ట పేరు... ఏ పిట్ట? ముప్ఫై ఒకటోది అయిపోయింది.

తలుపు చప్పుడు. తడిసిన గొడుగు మూస్తూ కూతురు లోపలికి వచ్చింది. తెర వంక చూసి, చెయ్యి నోటిమీద పెట్టుకుంది. కళ్ళు నిండాయి.

"అబ్బ... అమ్మ ఎంత బాగుందో!" టీచరు భుజం చుట్టూ చెయ్యి వేసింది, ప్రేమగానే. "టేపులు బూజు పట్టాయన్నావు కదా పిన్నీ?"

టీచరు నోరు తెరిచింది. నేనే కదే మీ అమ్మని అనబోయింది. పేరు పెట్టి పిలిస్తే నమ్ముతుందేమో. పేరు రాలేదు. పిల్ల వెనక, ఖాళీ ట్రే దానంతట అదే లోపలికి వెళ్ళింది. తెరమీద చిన్న గడి తెరుచుకుంది.

డిస్కు మూయబడింది.

ఇంతే. అమ్మాయీ, చదివాక ఒక్క పని చేసిపెట్టు. అమ్మ అని రాసినచోట అమ్మా, పిన్ని అని రాసినచోట పిన్నీ ఉన్నారో లేదో ఒకసారి సరిచూడు. నీ పేరు కూడా ఒకచోట రాసినట్టే గుర్తు, అదేనా కాదా చూసి చెప్పు. కాయితం మీద అక్కడక్కడ తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. తుడవకు తల్లీ. తుడిస్తే పక్క మాట మీదికి పాకుతోంది.