పన్నెండూ నలభై ఏడు

గురువారం ఉదయం 7:40. కూతురు తలుపు తోసింది. గడియ పెట్టి లేదు.

గుమ్మానికి రెండడుగుల దూరంలో డాస్ మాస్టారు బోర్లా పడి ఉన్నారు. ఒళ్ళు ఎప్పుడో చల్లబడిపోయింది.

8:15కి ఎస్సై మెట్లెక్కి వచ్చింది. పదిహేనేళ్ళ సర్వీసులో ఆమె చాలా గదులు చూసింది గానీ ఇలాంటిది చూడలేదు. నాలుగు గోడలకీ ర్యాకులు. ర్యాకుల నిండా పాత కంప్యూటర్లు, పసుపెక్కిన కీబోర్డులు, డబ్బాల్లో ఫ్లాపీలు. ఒక్కోదానికీ గుడ్డ కవరు, నంబరు చీటీ. మాస్టారు ముప్పై ఏళ్ళు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపారు. జనం పనికిరాదని పారేసినవన్నీ ఇంటికి మోసుకొచ్చి, తుడిచి, ప్రాణం పోసేవారు. ఆ పాత కంప్యూటర్లని నడిపే 'డాస్' తప్ప మరో మాట తెలియదని ఊరు పెట్టిన పేరు అది.

డాక్టర్ గ్లోవ్స్ తీశాడు.

"గుండెపోటు. నిన్న సాయంత్రం అయిదూ ఆరు మధ్య మొదలై ఉంటుంది. వెంటనే పోలేదు. గంటసేపైనా కొట్టుమిట్టాడి ఉంటారు."

"ఎవరైనా చూసి ఉంటే?"

"ఆసుపత్రి రెండు వీధుల అవతలేగా మేడమ్. బతికే అవకాశం ఉండేది."

ఆ మాట కూతురి చెవిన పడింది. ఆమెకి బజార్లో కళ్ళద్దాల షాపు ఉంది. ఫోన్ చూపించింది. నిన్న సాయంత్రం 5:02. 'నాన్న.'

"నేనే కట్ చేశాను మేడమ్. షాపులో మనుషులున్నారు. మళ్ళీ ఏదో డబ్బా కంప్యూటర్ గురించి మొదలుపెడతారు, తర్వాత చేద్దాంలే అనుకున్నా. నొప్పి వచ్చే చేశారా? నన్ను పిలిచారా? ఆ ఒక్కటీ తెలుసుకుని చెప్పండి. ఇంకేం అడగను."

ఎస్సై టేబుల్ దగ్గరికి నడిచింది.

టేబుల్ మీద దుమ్ములో ఒక చదరం శుభ్రంగా ఉంది. అక్కడ ఉండాల్సిందేదో లేదు. మాస్టారి రిజిస్టర్ ప్రకారం మొత్తం నలభై రెండు మెషీన్లు. లెక్కిస్తే నలభై ఒకటే తేలాయి. ముప్పై ఒకటో నంబరు మాయం. ఆ చదరం పక్కనే ఒక ఫ్లాపీ. దాని మీద పెన్సిల్‌తో 'అమ్మలూ' అని రాసి ఉంది.

"నాన్న నన్నే అలా పిలుస్తారు," అంది కూతురు. "ముప్పై ఒకటిలో రాసిన ఫ్లాపీ ముప్పై ఒకటే చదువుతుంది. వేరే ఏ మెషీన్‌కీ దాని భాష తెలీదు. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది."

మధ్యాహ్నం 12:20. పాత సామాన్ల వ్యాపారి స్టేషన్ బెంచీ మీద.

"నిన్న మాస్టారింటికి వెళ్ళావా?"

"వెళ్ళానండీ. రెండింటికి."

"ఎందుకు?"

"పాత బోర్డులుంటే తూకానికి తీసుకుందామని."

"ఇచ్చారా?"

"చీపురు తిరగేశారండీ."

"హ్యాండిల్ ఉన్న పెట్టె లాంటి మెషీన్ చూశావా?"

"టేబుల్ మీదే ఉంది. దాని వంక చూశావంటే కళ్ళు పీకుతానన్నారు."

"నువ్వే ఎత్తుకెళ్ళావా?"

"కుట్టుమిషనంత బరువండీ అది! నా నడుం సంగతి మా ఆవిడనడగండి."

12:35కి ఎస్సై మరొకరికి ఫోన్ చేసింది. మాస్టారి ప్రాణస్నేహితుడు, బ్యాటరీ బాబాయ్. పాత మెషీన్లలో బ్యాటరీ కారి బోర్డుని తినేస్తుంది. అందుకని ఏ మెషీన్ దొరికినా ఈయన ముందు కటింగ్ ప్లేయర్ తీసి బ్యాటరీ కత్తిరించేవాడు. ఆ తర్వాతే పలకరింపులు.

"ముప్పై ఒకటా? నా దగ్గరే ఉంది మేడమ్," అన్నాడాయన. "బుధవారం పొద్దున పదకొండింటికి వాడే ఇచ్చాడు, రిపేరుకి. మనిషి నిక్షేపంలా ఉన్నాడు."

పదకొండింటికి తెచ్చేసుకున్నానని ఒకరు, రెండింటికి టేబుల్ మీదే చూశానని ఒకరు. ఇద్దరిలో ఒకరు పచ్చి అబద్ధం ఆడుతున్నారు. తూకం మనిషిని అనుమానించడం తేలిక. ఎస్సైకి తేలికైనవంటే గిట్టవు.

శుక్రవారం ఉదయం 10:30. బ్యాటరీ బాబాయ్ ఇల్లు.

ముప్పై ఒకటి మెత్తటి దుప్పటి మీద ఉంది. కూతురు ఫ్లాపీ తీసింది. దాన్ని చూడగానే ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా ఆమె అడ్డదిడ్డంగా తోయబోతుంటే ఉండలేకపోయాడు.

"అలా కాదు తల్లీ. లోపల చదివే హెడ్ గీసుకుపోతుంది. ఇలా ఇవ్వు."

తనే పెట్టాడు. తనే స్విచ్ వేశాడు. ఆకుపచ్చ అక్షరాలు లేచాయి. ఒకే ఒక్క ఫైలు. తేదీ 1980 జనవరి 1. టైము అర్ధరాత్రి 12:47.

ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు.

"దీన్నిబట్టి ఏం తెలీదు మేడమ్. బ్యాటరీ లేదుగా, గడియారం నిలవదు. ఎప్పుడు స్విచ్ వేసినా ఎనభై జనవరి ఒకటి, రాత్రి పన్నెండు నుంచే మొదలు. తేదీ అడుగుతుంది గానీ, వాడు ఏనాడూ కొట్టలేదు. రెండుసార్లు ఎంటర్ నొక్కి కూర్చునేవాడు."

"అంటే స్విచ్ వేసిన నలభై ఏడు నిమిషాలకి దీన్ని సేవ్ చేశారన్నమాట?"

"అంతే. ఏ రోజైనా కావచ్చు."

ఎస్సై తలూపింది. "చదవమ్మా."

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. కూతురు కూడబలుక్కుంటూ చదివింది.

"అమ్మలూ. బుధవారం. పొద్దున పదింటి నుంచి కరెంటు లేదు, ట్రాన్స్‌ఫార్మర్ రిపేరట. ఇదిగో ఇప్పుడే వచ్చింది. రాగానే కూర్చున్నా. ఆదివారంతో మీ బాబాయ్‌కి డెబ్భై నిండుతాయి. ఈ ముప్పై ఒకటి వాడికిచ్చేస్తున్నా. దీన్ని బాగుచెయ్యడానికి పదకొండేళ్ళు నాతో సమానంగా చూపు పోగొట్టుకున్నాడు. మొహమాటం, నోరు తెరిచి అడగడు. ముందే చెప్పేసేవు, జాగ్రత్త. నా ఒంట్లో బాగానే ఉంది. ఇది ముగించి నీకు ఫోన్ చేస్తా. నువ్వూ రావాలి."

కూతురు అరచేత్తో నోరు మూసుకుంది. నాన్న నొప్పితో పిలవలేదు. సరదాగా పిలిచారు. ఆ సరదా కూడా తను విననే లేదు. ఏడుపు ఆగలేదు.

బ్యాటరీ బాబాయ్ కుర్చీలో కూలబడ్డాడు.

"బుధవారం కరెంటు పోయిందని వీధిలో అంటే, లైన్‌మన్ డైరీ నిన్నే చూశాను," అంది ఎస్సై. "మీ స్నేహితుడి వీధిలో కరెంటు వచ్చింది 4:10కి. నలభై ఏడు కలపండి."

ఆయన కలపలేదు. కూతురే కలిపింది. "4:57."

"4:57కి ఇది మాస్టారి టేబుల్ మీదే ఉంది. మీరెప్పుడు వెళ్ళారు?"

ఆయన ముప్పై ఒకటి మీద చెయ్యి వేశాడు.

"అయిదుంబావుకి. మెట్లెక్కేసరికి పడి ఉన్నాడు. పోయాడనుకున్నా. ఇక ఈ అమ్మాయి అన్నీ తూకానికేసేస్తుంది, ఎన్నోసార్లు అందిగా. ఇది కూడా పోతుందని... ఎత్తుకున్నా. వీధి చివర ఆటోలోంచి ఫోన్ చేద్దామనుకున్నా."

"చేశారా?"

"లేదు."

"అప్పుడాయన ఎక్కడ పడి ఉన్నారు?"

"కుర్చీ పక్కన. టేబుల్ దగ్గర."

ఎస్సైకి చెప్పాలనిపించలేదు. చెప్పక తప్పదు.

"మాకు గుమ్మం దగ్గర కనిపించారు. కుర్చీకీ గుమ్మానికీ మధ్య పన్నెండడుగులు."

ఆయనకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అయ్యాక ముసలాయన నోట్లోంచి వచ్చిన శబ్దం ఎస్సై చాలాకాలం మర్చిపోలేదు.

కూతురు కళ్ళు తుడుచుకుంది. గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ భయంగా ఉంది.

"ఒక్కసారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూడలేకపోయావా బాబాయ్?"

"రెండు చేతుల్తో దీన్ని పట్టుకుని ఉన్నానమ్మా."

"కింద పెట్టొచ్చుగా?"

"పెడదామనుకున్నా తల్లీ. పెట్టాక వాడికి ఊపిరి ఉంటే, మళ్ళీ దీన్ని ఎత్తుకోలేనని పెట్టలేదు."