బతికిన గుంపులే మాయం

ఉదయం తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టర్ ల్యాబ్‌లో అడుగుపెట్టేసరికి పరిశోధకురాలు కంప్యూటర్ ముందు కొయ్యబారి కూర్చుంది. ఏళ్ల తరబడి చేసిన పని రాత్రికి రాత్రే మాయమైంది. నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే డిగ్రీ గోవిందా!

పక్కనే ఆమె గైడు. కర్చీఫ్‌తో కళ్లు ఒత్తుకుంటున్నాడు. కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్‌కి చూడగానే రోత పుట్టింది.

“ఏం పోయాయమ్మా?”

“కంప్యూటర్‌లో పుట్టించిన నక్షత్రాల గుంపులు మేడమ్. చుట్టూ ఉన్న గ్యాస్ ఎగిరిపోయాక కొన్ని చెదిరిపోతాయి. కొన్ని తట్టుకుని బతుకుతాయి.”

“ఏదీ బతకదని నేనెప్పుడో రాశాను,” అన్నాడు గైడు. “డిస్క్ పాడైంది, అంతే. దీనికి పోలీసులెందుకు?”

“డిస్క్ నిక్షేపంలా ఉంది మేడమ్,” అన్నాడు వెనకాల నిలబడ్డ ల్యాబ్ టెక్నీషియన్. “పాస్‌వర్డ్ సార్‌కి, ఈమెకి, నాకు, మా ముగ్గురికే తెలుసు.”

“అయితే వీడి పనే!” వేలు చూపించాడు గైడు.

ఇన్‌స్పెక్టర్ అతన్ని పట్టించుకోలేదు. “అన్నీ పోయాయా?” అని పరిశోధకురాలిని అడిగింది.

“చెదిరిపోయినవి ఉన్నాయి మేడమ్. బతికిన గుంపు ఒక్కటీ లేదు.”

“ఏది బతికిందో ఫైలు పేరు చూస్తే తెలుస్తుందా?”

“ఉత్త నంబర్లే. తెరిచి చివరిదాకా చూడాలి.”

“మీరు చూశారా?” గైడుని అడిగింది.

“నాకంత తీరికెక్కడిది? ఒక్కటీ చూడలేదు.”

ఇన్‌స్పెక్టర్ టెక్నీషియన్ వైపు తిరిగింది. “మిగిలిన ఫైళ్లు చివరిసారి ఎక్కడ తెరిచారో చూడండి.”

కీబోర్డు టకటకలాడింది. “అన్నీ నిన్ననే. సార్ గదిలోంచి.”

గైడు కర్చీఫ్ జేబులో కుక్కుకున్నాడు.

“పోయినవాటి గురించే అందరూ ఏడ్చారు. నేను మిగిలినవి చూశాను,” అంది ఇన్‌స్పెక్టర్. “పాడైపోయిన డిస్క్ ఏరి ఏరి చెరపదు. మీ మాట తప్పని తేల్చినవాటినే ఏరేశారు. పైగా నేరం ఇతని నెత్తిన రుద్దుతారా? ఛీ!”

“తను నా కూతురులాంటిది...”

“ఆ మాట ఇంకోసారి అనకండి.”

టెక్నీషియన్ గొంతు సవరించుకున్నాడు. “ఒక్కో గుంపునీ ఏ అంకెలతో మొదలుపెట్టారో అవి ఉన్నాయి మేడమ్. మెషీన్లన్నీ ఈమెకే ఇస్తే అవే గుంపులు మళ్లీ వస్తాయి. నెలాఖరుకి అందుకోవచ్చు.”

ఇన్‌స్పెక్టర్ ఊపిరి పీల్చుకుంది. కానీ పరిశోధకురాలి మొహంలో సంతోషం లేదు. గైడునే చూస్తోంది.

“ఒక్కసారి చూడండి సార్ అని ఇన్నేళ్లూ బతిమాలాను మేడమ్,” అంది. “నిన్న అన్నీ చూశారన్నమాట.”